మెలిక తిరిగిన కాఫీ హౌస్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, వంతెనల గురించో ఆనకట్టల గురించో మాట్లాడతాననుకుని కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను ఒక కాఫీ హోటలు గురించి చెబుతాను. అదీ కట్టడమే కనుక ఆయన మన్నిస్తారనుకుంటాను.

కొన్నేళ్ల క్రితం ఉద్యోగం పని మీద తిరువనంతపురం వెళ్లాను. రైల్వే స్టేషనుకు దగ్గర్లోనే, తంపానూరు బస్టాండు పక్కన, ఎర్రగా గుండ్రంగా లేచిన ఒక కట్టడం కనిపించింది. దూరం నుంచి కోట బురుజులా ఉంది. దగ్గరికి వెళితే ఇండియన్ కాఫీ హౌస్ అని బోర్డు. దాన్ని రూపొందించింది లారీ బేకర్. ఆయన 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి 2007లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. తక్కువ ఖర్చుతో, స్థానికంగా దొరికే ఇటుకతో ఇళ్లు కట్టడంలో ఆయన పేరు తెలియని సివిల్ ఇంజనీరు ఉండడు.

లోపలికి వెళ్లాక కాసేపు కాఫీ సంగతే మరిచిపోయాను. ఆ హోటల్లో అంతస్తులు లేవు. మెలిక తిరుగుతూ పైకి పోయే ఒకే ఒక్క ఏటవాలు నేల ఉంది. గోడలో ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ వస్తాయి. బల్లలూ కూర్చునే అరుగులూ గోడ వెంబడి కట్టేసినవే. జరపడానికి వీల్లేదు. నేల ఎంత వాలుగా ఉన్నా బల్ల మాత్రం సమంగా ఉంటుంది కాబట్టి కప్పులో కాఫీ తొణకదు. రైలు కోసం ఎదురుచూసే కుటుంబం, పేపరు చదువుకునే ముసలాయన, పుస్తకాల సంచులతో కాలేజీ పిల్లలు, అందరూ ఒకే వరుసలో ఒకరి పైన ఒకరుగా కూర్చున్నారు. పెద్దమనుషులకని వేరే గది లేదు. పైన కూర్చున్నవాడి దగ్గరికి వెళ్లాలంటే సర్వరు కింద ఉన్నవాళ్లందరినీ దాటుకుంటూ నడవాల్సిందే.

కాఫీ తెల్ల పింగాణీ కప్పులో వచ్చింది. మా అమ్మ డికాక్షన్ కాఫీతో దానికి పోటీ పెట్టను. మసాలా దోసెలో బీట్‌రూట్ చూసి మొదట ఉలిక్కిపడ్డాను, తరువాత రెండోది చెప్పాను. తెచ్చిన సర్వరుకు తెల్లటి దుస్తులు, నడుముకు పట్టీ, తల మీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు తలపాగా. బిల్లు ఇస్తూ ఉంటే మాటవరసకు హిందీలో అడిగాను, “ఈ హోటలు ఓనరు ఎవరండీ?” అని.

“మేమే, సార్” అన్నాడాయన.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఒకప్పుడు ఈ కాఫీ హౌసులను కాఫీ బోర్డు నడిపేది. 1950ల్లో బోర్డు వాటిని మూసేయడంతో పనివాళ్లు వీధిన పడ్డారు. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో ఆ పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957లో బెంగళూరులో మొదలైంది. 1958లో కేరళలోని త్రిస్సూరులో తొలి కాఫీ హౌస్ తెరిచారు. వంటచేసేవాడు, వడ్డించేవాడు సంఘంలో సభ్యులు. ఆయన “మేమే” అన్నప్పుడు గొంతులో గొప్పా లేదు, మొహమాటమూ లేదు. మన ఇల్లెక్కడో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ మాట విన్నాక కాఫీ గొంతు దిగలేదు. ఎందుకో చెప్పడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

మాది 1985 పదో తరగతి బ్యాచ్. తొమ్మిదిలో నా బెంచీలో ఒక అబ్బాయి కూర్చునేవాడు. లెక్కల్లో నాకన్నా చురుకు. రేఖాగణితం నాకు ఎక్కించింది వాడే. దసరా సెలవుల తరువాత బడికి రాలేదు. నాలుగు వారాలకు మా నాన్నగారితో బస్టాండు దగ్గర హోటలుకు వెళితే, భుజాన తడిగుడ్డతో మా బల్ల తుడవడానికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. “ఏరా” అనబోయాడు. నేను మంచినీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. “మీ క్లాసు పిల్లాడా?” అని నాన్నగారు అడిగితే, “తెలీదు” అన్నాను. వాడు బల్ల రెండోసారి తుడిచి వెళ్లిపోయాడు. కాఫీ వేరే అబ్బాయి తెచ్చాడు.

ఆ మాటను సరిదిద్దుకోవడానికి నాకు నలభై ఏళ్లుగా వీలు దొరకలేదు, లేదా నేను వెతుక్కోలేదు. మొన్న ఊళ్లోకి రాగానే ఆ హోటలు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

ఈ సంచిక కోసం తయారుచేసిన చిరునామాల పట్టికలో మా బ్యాచ్ పేర్లన్నీ చూశాను. వాడి పేరు లేదు. తప్పు ఎవరిదీ కాదు, పదో తరగతి పాసైనవారి జాబితా నుంచి పట్టిక రాశారు. మధ్యలో మానేసినవాళ్లు ఆ జాబితాలో ఎలా ఉంటారు? కానీ వాళ్లూ ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్లే. మనలో కొందరికి లెక్కలు నేర్పినవాళ్లే.

అందుకని సంఘానికి ఒక మనవి. ఇకపై పట్టికను అడ్మిషన్ రిజిస్టరు నుంచి తయారుచేద్దాం. ప్రధానోపాధ్యాయులవారు అనుమతిస్తే, మా బ్యాచ్ వరకు రిజిస్టరు ముందు కూర్చుని పేర్లు రాసే పని నాది. ఒక్కొక్కరినీ వెతికి కబురు పెట్టే పని కూడా నాదే. ఇతర బ్యాచ్‌లవాళ్లు తలా ఒకరు ముందుకు వస్తే చాలు.

బేకర్‌గారు ఆ హోటల్లో అందరికీ ఒకే వరుస ఎలా కట్టారో మీకు చెప్పాను. మన సంఘానికి ఇటుకలు అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు.

నా పక్కన కూర్చున్న ఆ అబ్బాయి ఎవరో మా బ్యాచ్‌వాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వాడి ఆచూకీ తెలిసినవారు సభ అయ్యాక నాతో ఒక్క మాట చెప్పండి. వెళ్లి కలుస్తాను.

సెలవు.