పెరటి మొక్కకు తగిన నీడ



పెరటిలో నాలుగు కూరపాదులు, ఒక తమలపాకు తీగ, ఒక మడి కొత్తిమీర గల గృహస్థుడు అంగడి ధరలకు అంతగా వెరవనక్కరలేదు. అయితే ఆ నాలుగు పాదులను వైశాఖపుటెండలో బ్రతికించుకొనుటయే కష్టము. ఇప్పుడు ఇనుప గొట్టములతోను, ప్లాస్టిక్ పొరతోను కూర్చిన చిన్న హరితగృహములను పట్టణములలో సిద్ధముగా అమ్ముచున్నారు. వాని బొమ్మలు చూచి మురిసి, కూడబెట్టిన సొమ్ము వెచ్చించి తెచ్చి పెరటిలో నిలిపినచో, చైత్రము వచ్చుసరికి లోపలి నారంతయు ఉడికిపోవచ్చును. అట్టి లోపము మొక్కది కాదు, గృహముది కాదు, ఎన్నికది. కావున ఏ పెరటికి ఏ కప్పు తగునో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము నొసగెను. చెట్లకు రోగము కలుగుటకు చలి, గాలి, ఎండ కారణములని అందు చెప్పెను. వీనికి అతివృష్టిని, పురుగును చేర్చినచో పెరటి మొక్కకు శత్రువులు ఐదుగురు. కప్పు వేయదలచినవాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: ఈ మొక్కకు శత్రువెవరు? ఎండకు వేసిన కప్పు చలికి చాలదు. చలికి కట్టిన ఇల్లు ఎండలో పొయ్యియగును.

గాజుగృహము చలిదేశములలో పెరిగినది. లండను నగరమునకు చెంతనున్న క్యూ ఉద్యానమున తాళజాతి వృక్షములకై 1848 నాటికి పూర్తిచేసిన మహాగృహమును బొగ్గు మంటలతో వెచ్చబెట్టెడివారు. అక్కడి శత్రువు మంచు. ఆ దేశమునకు ఆ గృహము సర్వవిధముల తగినది.

మూసిన గృహము ఏల వేడెక్కును? 1909లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్టు వుడ్ రెండు పెట్టెలను ఎండలో ఉంచెను. ఒకదానికి గాజు మూత; రెండవదానికి ఉష్ణకిరణములను వెలుపలికి పోనిచ్చు రాతి ఉప్పు పలక మూత. రెండును ఇంచుమించు సమముగానే వేడెక్కెను. వేడిమికి ముఖ్య కారణము లోపలి గాలి బయటకు పోలేక నిలిచిపోవుటయేయని దీనివలన తేలినది. పెరటివారికి ఇందు గొప్ప పాఠము గలదు: గాలి ఆడని కప్పు ఎంత ఖరీదైనదైనను తెలుగు మైదానములలో వేసవికి శత్రుపక్షమే. పగటి వేడిమి 35 డిగ్రీలు దాటిన వేళ టమాటా పూత రాలిపోవుట అందరెరిగినదే. బయటనే 42 డిగ్రీలున్నప్పుడు మూసిన ఇంటిలోని సంగతి వేరుగ చెప్పనేల?

అట్లని మూసిన గృహమును బొత్తిగా త్రోసిపుచ్చరాదు. లంబసింగి, అరకు వంటి మన్యపు చల్లని సీమలలో శీతకాలపు నారుకు అది మేలు చేయును. అమెరికా ఈశాన్య రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు హేమంతమున కరివేపాకు కుండీని ఇంటిలోనికి చేర్చుకొందురు. వారికి గాజుగృహము వరమే. దేశమెరిగి కట్టవలెనని మాత్రమే తాత్పర్యము.

ఇక పెరటి కప్పులలో భేదములు చూతము.

మొదటిది పందిరి. ఇది అందరికన్న పెద్దది, అందరికన్న చవుకయైనది. సరుగుడు గుంజలు నాటి, వెదురు బద్దలు పరచి, తీగెలల్లి ఆనప, బీర, పొట్ల, కాకర పాకించినచో పంటయే కప్పగును. దాని నీడను అల్లము, పసుపు, వేసవి కొత్తిమీర పెంచవచ్చును. తాటాకు కప్పిన పందిరి లేత నారుకు నాలుగు వారములు నీడనిచ్చి, పని తీరిన పిదప ఎరువులో కలియును. తమలపాకు తోటలో అవిసె చెట్టే తీగకు ఊతమును, గొడుగును అగుచున్నది. వంగ, ఒరిస్సా దేశములలో వెదురు, రెల్లు, జనుపపుల్లలతో తమలపాకు తీగకు చుట్టును పైనను దడి కట్టి ‘బరజ’ అని పిలుతురు. గాజు లేకయే మొక్కకు ఇల్లు కట్టు విద్య ఈ దేశమున నున్నదనుటకు అది సాక్ష్యము.

రెండవది నీడవల. 35, 50, 75 శాతమని అంగడిలో చెప్పు సంఖ్య ఆ వల ఆపు వెలుతురు పాలు. కూరగాయలకు 35 మొదలు 50 వరకు చాలును. తమలపాకునకు, పూలకుండీలలోని ఫెర్నులకు 75 తగును. ఎక్కువ నీడ ఎక్కువ మేలని తలచి కూరమడిపై 75 శాతము వల వేసినచో కాడలు సాగును, కాపు ఉండదు. మిరప, వంగ, బెండ ఎండను కోరునవి. కనుక వలను శాశ్వతముగా బిగింపక, మార్చి మొదలు జూను వరకు పరచి, తొలకరి తరువాత చుట్టి పెట్టునట్లు త్రాళ్ళతో కట్టవలెను. ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గినచో వేడి మొక్కల తలలపైననే నిలుచును.

మూడవది వానకప్పు. నాలుగు ప్రక్కల తెరచి, పైన మాత్రము ప్లాస్టిక్ పొర వేసినది ఇది. శ్రావణ భాద్రపదములలో మిరప, టమాటా నారు ఎడతెగని వానకు మొదలు కుళ్ళి పడిపోవును. ఆరంగుళముల ఎత్తు మడి, దానిపై ఈ కప్పు ఉన్నచో నారు నిలుచును. పొర 200 మైక్రానుల మందము గలిగి, ఎండకు చెడకుండ శుద్ధిచేసినదై యుండవలెను. సామాన్యపు పొర కొలది నెలలకే పెళుసై చినుగును.

నాలుగవది పురుగువల. టమాటాకు ఆకుముడతను, బెండకు పల్లాకు తెగులును మోసికొని వచ్చునది తెల్లదోమ. అంగుళమునకు 40 కన్నులుగల సన్నని వలతో నాలుగు ప్రక్కల మూసినచో దాని రాక చాలవరకు తగ్గును. కాని ఆ వల తేనెటీగనుకూడ ఆపును. టమాటా తన పుప్పొడితో తానే కాయ పట్టును. పూగుత్తిని మెల్లగా కదల్చిన చాలును. ఆనప, దోస మున్నగు తీగలకు మగపూవు తెచ్చి ఆడుపూవునకు చేతితో తాకింపవలెను. ఆనపకు సాయంవేళ, దోసకు ఉదయము అనుకూలము. ఈ శ్రమకు ఇంటిలో తీరికగల చేయి లేనిచో ఆ పాదులను వలలో పెట్టరాదు.

అయిదవది మూసిన ప్లాస్టిక్ గృహము. మైదానమున దీనిని కట్టితీరవలెనన్నచో నేల వైశాల్యములో ఐదవ వంతైనను గాలిద్వారములు విడువవలెను. పది అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల పొడవు గల ఇంటికి నేల 120 చదరపు టడుగులు. ద్వారములు 24 చదరపు టడుగులు. వానిలో కొంత కప్పు శిఖరమున ఉండవలెను, ఏలయన వేడిగాలి పైకి పోవును.

కప్పు నెన్నుకొన్న పిదప చోటు చూడవలెను. విజయవాడ సీమలో మే మొదటి వారమున మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. డిసెంబరున దక్షిణమునకు ఒరిగి యుండును. కనుక వేసవి రక్షణ పైకప్పునందును, పడమటి ప్రక్కను ముఖ్యము. పడమట ఒక మునగయో అవిసెయో నాటినచో రెండు గంటల తరువాతి ఎండ విరుగును, కూరయు లభించును. తీరవాసులు గాలిని మరువరాదు. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిచెట్లను కూల్చిన తుఫానును ఎరిగినవారికి ప్లాస్టిక్ పొర తెరచాప వంటిదని వేరుగ చెప్పనక్కరలేదు. తుఫాను హెచ్చరిక వినగానే విప్పదగిన కప్పే తీరమునకు మంచి కప్పు.

నీడను పెరిగిన నారును ఒక్కమారుగా ఎండలో నాటరాదు. నాటుటకు వారము ముందునుండి దినదినము నీడ తగ్గించి, నీరు కొంచెము మట్టుపెట్టినచో కాడ గట్టిపడును.

సోదరులారా! ఖర్చు పద్దు వ్రాయుటకు ముందు అవసరపు పద్దు వ్రాయుట గృహస్థధర్మము. ఏ మొక్క, ఏ మాసము, ఏ శత్రువు, రోజుకు నీరు పోయువారెవరు అను నాలుగు ప్రశ్నలు కాగితముపై పెట్టి, ఇంటి ఇల్లాలిని సంప్రదించి, అటుపిమ్మట అంగడికి పోవలెను. పెక్కు ఇండ్లలో నీళ్ళబిందె మోయునది ఆమెయే గదా! ఆ నాలుగింటికి జవాబు వ్రాసినచో, పదింట ఎనిమిది పెరళ్ళకు ఒక పందిరియు, చుట్టి దాచుకొనదగిన ఒక నీడవలయు చాలునని తేలగలదు. మిగిలిన సొమ్ము విత్తనమునకు, ఎరువునకు, పిల్లల పుస్తకములకు వినియోగపడును. అక్షరమునకు నీడనిచ్చు గ్రంథాలయము వలెనే మొక్కకు నీడనిచ్చు పందిరియు గాలి వెలుతురులను ఆపక, వాని తీవ్రతను మాత్రమే మట్టుపెట్టవలెను. ప్రతి పెరడును పచ్చగా నుండుగాక! శుభమస్తు.