డబ్బాలో దాచిన తోట

పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మిన్నీ బే పెరటి తోటల సంగతి మాట్లాడుకుందాం. వంగ, బెండ, బీర వేసిన ప్రతివారికీ ఇక్కడ ఒకటే బెంగ: విత్తనానికి చెమ్మ తగలడం. మే నుంచి డిసెంబరు దాకా వానలాయె!

ఈ బెంగకు ఒక దారి తెలంగాణలో కనిపిస్తుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత రైతులు, పేడతో అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి విత్తనం దాస్తారు. కావలసినవాళ్లు తీసుకెళ్లి, పంట చేతికొచ్చాక అంతకంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. ఈ సొసైటీకి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. నన్నడిగితే, చదువుకున్నవాళ్లం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన లెక్క ఈ విత్తనాల ఇచ్చిపుచ్చుకోవడం.

మన వీధిలోనూ ఇలా విత్తనం దాచుకుని పంచుకోవడం సాధ్యమే. నాటు విత్తనమే ఎంచుకోండి. హైబ్రిడ్ కాయ గింజ తల్లిని పోలదు. బీరకాయను తీగమీదే గలగలమనేదాకా ఎండనివ్వండి. వంకాయ పసుపు తిరిగి మెత్తబడాలి. టమాటా గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టండి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పొడి గాలి ఉంటుంది, ఆ అదను పోనివ్వకండి. గాజు సీసా అడుగున వేయించి చల్లార్చిన బియ్యం పోసి, గింజల పొట్లాలు పైన పెట్టి బిగించండి. చెమ్మను బియ్యం లాగేస్తుంది. పొట్లంమీద పేరు, నెల, ఇచ్చిన ఇల్లు రాయండి.

ఈసారి పొరుగింటికి వెళ్లేటప్పుడు గుప్పెడు బెండ గింజలు తీసుకెళ్లండి.