"వాళ్లకేం తక్కువ?" అని అంటున్నామా
(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడే మీలో కొందరి మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకున్నాను. "వాళ్లకేం తక్కువ? ఏసీ గదులు, ఇంటి ముందుకొచ్చే కార్లు. మన బీడీ కార్మికురాలు ఏడాదంతా చుట్టినా రాని డబ్బు నెలకి తెచ్చుకుంటారు." నేనూ ఈ మాట అన్నదాన్నే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు, అది మనది కాని లోకం అనుకుని పక్కనుంచి వెళ్లిపోయాను.

కాని ఆ అద్దాల మేడల్లోకి వెళ్తున్నది ఎవరు? బీడీలు చుట్టిన తల్లి కూతురే వెళ్తోంది. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఇంజనీరింగు చదివి, హాస్టల్లో ముగ్గురు ఒక గదిలో ఉంటూ, జీతంలో సగం ఊరికి పంపుతోంది. ఆ ఉద్యోగం పోతే వెనక నాలుగు ప్రాణాలు ఇబ్బంది పడతాయి. అలాంటి అమ్మాయిలు ముప్ఫై దాటేసరికి ఎందుకు ఇంటికి చేరుతున్నారన్నది మన ప్రశ్న కాకుండా ఎలా పోతుంది?

"వాళ్లంతట వాళ్లే మానేస్తున్నారు" అంటాయి కంపెనీలు. ఆ మాటను కాస్త విప్పి చూద్దాం.

ముందు ఒక పాత సంగతి చెబుతాను. మన దేశంలో మొట్టమొదటి మహిళా ఇంజనీరు తెలుగావిడే, అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్లకి పెళ్లి, పద్దెనిమిదేళ్లకి వైధవ్యం, చేతిలో నాలుగు నెలల కూతురు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. అప్పటిదాకా ఆడపిల్ల అడుగుపెట్టని ఆ కాలేజీలో ఆయన పట్టుబట్టి కూతురికి సీటు ఇప్పించారు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఆమె 1943లో పట్టా పుచ్చుకున్నారు. ఆ సర్టిఫికెట్‌లో 'అతడు' అని అచ్చయి ఉంటే కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాశారట! ఆమె తర్వాత అదే కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివిన ఇద్దరు మలయాళీ అమ్మాయిల్లో ఒకరు పి.కె. త్రేసియా, 1971లో కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు.

లలిత గారు కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, భాక్రానంగల్ వంటి ప్రాజెక్టుల విద్యుత్ పరికరాల మీద పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మహాసభకు వెళ్లారు. ఇదంతా గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోనిది ఒకటుంది. కలకత్తాలో ఆవిడ ఉన్నది తమ్ముడింట్లోనో అన్నయ్యింట్లోనో, మొత్తానికి తోబుట్టువు ఇంట్లో. ఆ ఇంటి ఇల్లాలికీ చిన్నపిల్లవాడు ఉన్నాడు, ఆ పిల్లవాడితో పాటే లలిత గారి కూతురూ పెరిగింది. ఆఫీసులో ఆవిడ నక్షాలు గీస్తుంటే ఇంట్లో ఇంకో ఆడమనిషి ఇద్దరు పిల్లలకి అన్నం పెట్టింది. ఆ ఇల్లాలి పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ ఇల్లాలు చేసిన పనినే ఈరోజు చట్టం 'క్రెష్' అంటోంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే ఉన్నాయి. గమనించండి, యాభై మంది ఉద్యోగులు అన్నారు గాని యాభై మంది ఆడవాళ్లు అనలేదు. "మా దగ్గర ఆడవాళ్లు తక్కువండీ, అందుకే పెట్టలేదు" అనే మేనేజర్లు నాకు తగిలారు. అలా అన్నప్పుడు నోరు మూసుకుని రాకండి.

26 వారాలు మంచిదే. కాని ఆ జీతం పూర్తిగా యజమానే ఇవ్వాలి. నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకి ఈఎస్ఐ నుంచి వస్తుంది, కంప్యూటర్ కంపెనీల్లో ఎక్కువమంది జీతం అది దాటి ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం ఈ ఖర్చును ఒక్క యజమాని నెత్తిన వేయకూడదని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో భరించాలని అంటుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇక తండ్రి సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగికి పదిహేను రోజుల సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఏమీ ఇవ్వలేదు. ఇంటర్వ్యూలో ఎదురుగా పెళ్లయిన అమ్మాయి, పెళ్లయిన అబ్బాయి కూర్చుంటే ఆ మేనేజరు మనసులో ఏ లెక్క వేసుకుంటాడో నేను విడిగా చెప్పక్కర్లేదు. ఆ లెక్కని చట్టమే అతని చేతికి అందించింది. అందుకని సెలవు తగ్గించమని అడగం, ఖర్చు అందరిమీదా పరచమని, తండ్రికీ సెలవు ఇవ్వమని అడుగుతాం.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. ఏ కంపెనీయో అడక్కండి. ఎనిమిదేళ్ల అనుభవం, చేతికింద పదిమంది. కాన్పు సెలవు ముగించుకుని వచ్చేసరికి తన జట్టు ఇంకొకరి కింద ఉంది. 'బెంచి' మీద కూర్చోమన్నారు. అంటే జీతం ఉంటుంది, పని ఉండదు. ఏడాది చివర రేటింగు అందరికన్నా అడుగున వేశారు. కారణం అడిగితే "సంవత్సరంలో సగం మీరు లేరు కదా" అన్నారు. తీసేయలేదు, తీసేస్తే చట్టం అడ్డొస్తుంది. మూడు నెలలు ఊరికే కూర్చున్నాక ఆమే రాజీనామా ఇచ్చింది. కంపెనీ రికార్డులో 'వ్యక్తిగత కారణాలు' అని ఉంటుంది. వాళ్లంతట వాళ్లే మానేయడమంటే ఇదీ.

రాత్రి షిఫ్టు గురించి క్లుప్తంగా. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను రాత్రి ఏడు తర్వాత పనిచేయనివ్వలేదు. ఇప్పుడు కొత్త కోడ్ ఆమె సమ్మతితో, భద్రత షరతులతో చేయవచ్చంటోంది. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్‌సెంటర్ ఉద్యోగినిని తీసుకెళ్లడానికి వచ్చినవాడే చంపేశాడు. ఆ తర్వాత బండ్లు, కాపలా వచ్చాయి. సరే. కాని "రాత్రి షిఫ్టుకి సమ్మతి లేదు" అన్న అమ్మాయికి ప్రమోషన్ ఇస్తారా? ఆ సమ్మతి నిజంగా సమ్మతేనా అన్నది మనం చూడాలి.

ఇప్పుడు మనందరికీ నేరుగా తగిలే విషయానికి వస్తాను. 1997 విశాఖ తీర్పు తర్వాత పదహారేళ్లకి, 2013లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఒకరు బయటివారై ఉండాలి. ఆ బయటి సభ్యురాలు ఎవరు? మనమే. ఈ హాల్లో కనీసం పదిహేనుమందిని ఏదో ఒక కంపెనీ పిలిచి ఉంటుంది. ఫీజు ఇస్తారు, మార్చి ఎనిమిదిన గులాబీ పువ్వూ ఇస్తారు.

నా తప్పు చెబుతాను. ఒక కంపెనీలో మొదటి ఏడాది వార్షిక నివేదికలో 'ఫిర్యాదులు: సున్నా' అని ఉంటే సంతోషంగా సంతకం పెట్టాను. రెండో ఏడాది ఒకరోజు మీటింగు ఆలస్యమై క్యాంటీన్‌లో కూర్చున్నాను. టేబుళ్లు తుడిచే ఆమెని "అమ్మా, ఇక్కడ కమిటీ ఉందని తెలుసా?" అని అడిగాను. "కమిటీ అంటే చీటీల కమిటీయా మేడమ్?" అంది. కాంట్రాక్టు మీద తుడిచేవాళ్లు, వండేవాళ్లు, గేటు దగ్గర కాపలా ఉండే ఆడవాళ్లు, అందరూ ఈ చట్టంలో ఉద్యోగులే. గోడమీద పోస్టరు ఉంది, ఇంగ్లీషులో ఉంది, అదీ ఆరో అంతస్తులో. ఆ అంతస్తుకి ఆమెకి కార్డు లేదు. నా సున్నా ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఫిర్యాదుకు గడువు మూడు నెలలే, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. కమిటీ ఉందని తెలియడానికే ఏడాది పడితే గడువు ఎక్కడిది? అప్పటినుంచి తెలుగులో పోస్టరు క్యాంటీన్ లోపలా, బాత్‌రూము తలుపు మీదా అంటిస్తేగాని సంతకం పెట్టనంటున్నాను. రాజీ అనేది బాధితురాలు తానుగా అడిగితేనే, డబ్బు ముట్టచెప్పి చేసే రాజీ అసలు కుదరదని మిగతా సభ్యులకి ప్రతిసారీ చదివి వినిపిస్తున్నాను. ఒకచోట మర్నాడే "మీ సేవలు ఇక చాలు" అని ఉత్తరం వచ్చింది. రానివ్వండి. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకుంటారు, ఆ ఇంకొకరు మీలోనే ఒకరు కావచ్చు. అప్పుడు నాకొక ఫోన్ చేస్తే అక్కడ ఏం జరిగిందో చెబుతాను, పేర్లు తప్ప. పేర్లు బయట పెట్టకూడదని చట్టంలోనే ఉంది.

భోజనాల తర్వాత ఒక కాగితం తిప్పుతాం. ఎవరు ఏ కంపెనీ కమిటీలో ఉన్నారో, అక్కడ క్రెష్ ఉందో లేదో, క్యాంటీన్‌లో పోస్టరు ఏ భాషలో ఉందో రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. మొదటి పేరు నాదే రాసి పంపుతున్నాను.