లైను ఉంటేనే వెలుగు
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై ఏళ్ల గుర్తుగా ఊరికి ఏదైనా చేయాలని మన సంఘం నిధి పోగుచేస్తోంది. ఆసుపత్రి కట్టిద్దామన్నవాళ్లే ఎక్కువమంది. ఉద్దేశం మంచిదే. కానీ డబ్బు గోడలకు పోయేముందు నా మాట కాస్త వినమని కోరుతున్నాను.

నేను కరెంటు పనిలో ఉన్నవాణ్ణి. ఊరిచివర సబ్‌స్టేషన్‌లో కరెంటు పుట్టదు. పెద్ద స్టేషన్ నుంచి లైను వస్తేనే ఆ ట్రాన్స్‌ఫార్మరుకు పని. ఊరి ఆసుపత్రి కూడా అలాంటిదే. వెనక ఒక పెద్ద ఆసుపత్రి అండ లేకపోతే ఆ భవనం ప్రారంభోత్సవం నాటి ఫొటోలోనే బాగుంటుంది.

లెక్క చూడండి. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కేంద్రాలు కడుతూనే ఉన్నారు. కానీ వాటిలో నిపుణుల కొరత ఎంత తీవ్రంగా ఉందో కేంద్ర ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. ఒకసారి కట్టే భవనానికి దాత దొరుకుతాడు. నెలనెలా ఉండాల్సిన డాక్టరు దొరకడం కష్టం.

ఈ చిక్కును విప్పినవాళ్లు మన తెలుగునేలమీదే ఉన్నారు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. 1996లో ఆ సంస్థ అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ముథోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచింది. తరవాత మెట్లు మెట్లుగా ఒక వ్యవస్థ కట్టింది. అడుగున 50,000 మందికి ఒక దృష్టి కేంద్రం. అలాంటివి పదింటికి, అంటే 5 లక్షల మందికి, శస్త్రచికిత్స చేయగల ఒక ఆసుపత్రి. ఆపైన 50 లక్షల మందికి ఒక పెద్ద ఆసుపత్రి. శిఖరాన హైదరాబాద్.

అడుగు మెట్టుమీద ఉండేది డాక్టరు కాదు. ఇంటరు చదివిన స్థానిక యువతీయువకులకు ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. వాళ్లు చూపు పరీక్షించి కళ్లద్దాలు ఇస్తారు. శుక్లం కనిపిస్తే పై మెట్టుకు పంపుతారు. అక్కడ ఆపరేషన్ చేస్తారు. మరీ జటిలమైన కేసు మాత్రమే నగరానికి వెళుతుంది. చెల్లించలేనివారికి వైద్యం ఉచితం. పైనుంచి కిందికి శిక్షణ, పద్ధతులు, పర్యవేక్షణ వస్తాయి. బోర్డు కనిపించక చదువులో వెనకబడిన పిల్లవాణ్ణి చూసిన మన ఉపాధ్యాయులకు, అద్దాలు దగ్గర్లో దొరకడం ఎంత పెద్ద విషయమో నేను చెప్పనక్కర్లేదు.

మరో ఉదాహరణ వెల్లూరు. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క పడకతో మొదలుపెట్టిన ఆ సంస్థలో, మారుమూల మిషన్ ఆసుపత్రులు సిఫారసు చేసి పంపిన విద్యార్థులు చదువుకుంటారు. చదువయ్యాక రెండేళ్లు ఆ ఆసుపత్రుల్లో పనిచేస్తారు. అక్కడ లైను మనుషులే.

ఇప్పుడు గుండెపోటు సంగతి తీసుకోండి. చిన్న ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి ఫోన్‌లో పంపితే నగరంలోని నిపుణుడు చూసి చెప్పగలడు. అవసరమైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి, ఆ తరవాత రోగిని తరలించవచ్చు. మొదటి కొద్ది గంటల్లో ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఆ సమయంలో రోగిని కాపాడేవి మూడే: ఒక యంత్రం, దాన్ని వాడటం తెలిసిన నర్సు, అవతల ఫోనెత్తే డాక్టరు.

అయితే పెద్దవాళ్లతో పొత్తులో ప్రమాదమూ ఉంది. ఊరి కేంద్రం రోగుల్ని పట్టే వలగా మారిపోవచ్చు. ఇక్కడ నయమయ్యే జ్వరాన్నీ నగరానికి పంపి, బిల్లు చేతిలో పెట్టవచ్చు. అందుకే సంతకానికి ముందే ఈ విషయాలు కాగితంమీద ఉండాలి.

ఒకటి, ఏ జబ్బు ఇక్కడే చూడాలి, ఏది పంపాలి. రెండు, అర్ధరాత్రి ఫోనెత్తేది ఎవరు. మూడు, పంపిన రోగికి అక్కడ అయ్యే ఖర్చెంతో ముందే చెప్పడం. నాలుగు, తిరిగివచ్చే రోగితోపాటు ఏం చేశారో, ఏ మందులు వాడాలో తెలుగులో రాసిన కాగితం రావడం. అయిదు, సిబ్బందికి జీతం, శిక్షణ ఎవరిస్తారు, పెద్ద ఆసుపత్రి తప్పుకుంటే ఏమిటి. మూడు నెలలకోసారి ఎంతమందిని ఇక్కడే నయం చేశారు, ఎంతమందిని పంపారు అన్న లెక్క మన సంఘానికి, పంచాయతీకి చూపాలి. లైనులో కరెంటు ఎక్కడ పోతోందో మీటరు పెట్టందే తెలియదు కదా.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కొత్త భవనం వద్దు. ఉన్న ఆరోగ్య కేంద్రాన్ని, ప్రభుత్వ అనుమతితో, ఒక మంచి పెద్ద ఆసుపత్రితో కలుపుదాం. మన నిధి వడ్డీతో ఏటా ఈ బడిలో చదివిన ఇద్దరు పిల్లలకు ఆరోగ్య రంగంలో శిక్షణ ఇప్పిద్దాం. యంత్రాల మరమ్మతు చూసుకోడానికి మనలో ఇంజనీర్లున్నారు. ఒప్పందం చదవడానికి లాయర్లున్నారు. ఏ ఆసుపత్రిని నమ్మాలో చెప్పడానికి డాక్టర్లున్నారు. వీళ్లందరినీ తయారుచేసిన గురువులు ఎదురుగా కూర్చున్నారు.

భవనంమీద పేరు చెక్కించుకునే అవకాశం ఇందులో లేదు. ఆ ఒక్క లోటును మనం భరించగలమనే నా నమ్మకం. సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను.