పేరు లేని ఖాతా

(బళ్లారిలో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశమునందలి అధ్యక్షోపన్యాస పాఠము)



మేము పదవ తరగతితో చదువు చాలించి, తండ్రిగారి బట్టల కొట్టులో గద్దెపై కూర్చున్నవారము. పండితుల వలె ప్రసంగించు శక్తి మాకు లేదు. నేటి కార్యక్రమమున నాలుగవ అంశముగా నొక తీర్మానము మీ ముందున్నది. విద్యార్థినుల వసతి గృహము పనికి నొక స్వతంత్ర సలహాదారును ఫీజుపై నియమించుకొనవలెనా, వలదా యనునదే యది. "మన యింటి పనికి పరాయివారికి డబ్బిచ్చుట యెందుకు?" అని కొందరు సభ్యులు వ్రాసి పంపినారు. ఆ ప్రశ్న న్యాయమైనది. పఠన మందిరము విషయమున మనకు కలిగిన యనుభవమును దాచక చెప్పుటయే దానికి సరియైన జవాబని తలచి, యీ నాలుగు మాటలు వ్రాసికొని వచ్చితిమి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడిన నాడే బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మన పెద్దలు కన్నడ సోదరులతో కలిసిమెలిసి బ్రతుకుచు, ఇంటిలో తెలుగును నిలుపుకొనిరి. నేడు మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. తాత వ్రాసిన ఉత్తరమును మనుమడు చదువలేని యిండ్లు ఈ సభలోనివారికే ఎన్ని యున్నవో మీకు తెలియును. అందుచేతనే ఒక పఠన మందిరము, అందులో సాయంకాలపు తెలుగు తరగతి అను సంకల్పము పుట్టినది. మీరు చందా లిచ్చితిరి. స్థలము కొంటిమి, పునాది వేసితిమి. ఆ తరువాత ఆరు సంవత్సరములు ఆ పునాదిపై తుమ్మ మొక్కలు తప్ప మరేమియు లేవలేదు. ఆ దారిన పోవునప్పు డెల్ల మేము ముఖము త్రిప్పుకొని పోయెడివారము. తొలి చందా యిచ్చిన పెద్దలలో ఇద్దరు ఆ కట్టడమును చూడకయే కన్ను మూసిరి.

ధనము లేక ఆగినదా యనిన, బ్యాంకులో ధనమున్నది. ఉత్సాహము లేక ఆగినదా యనిన, ప్రతి సమావేశమునను చప్పట్ల నడుమ తీర్మానములు చేయుచునే యుంటిమి. ఎందుకు ఆగినదో మాకే తెలియలేదు.

అప్పు డొక సలహాదారును పిలిచితిమి. వారి పేరు చెప్పుట ధర్మము కాదు. తప్పులో సగము మాది. ఏ పని చేయవలెను, ఎన్ని దినములలో చేయవలెను, చివరకు మన చేతికేమి రావలెను అను విషయములలో నొక్కటియు కాగితముపై పెట్టలేదు. వచ్చు విరాళములలో నూటికి పది రూపాయలిత్తుమని నోటిమాటగా ఒప్పుకొని, కొంత సొమ్ము ముందుగా నిచ్చితిమి. నాలుగు నెలలకు రంగుల బొమ్మలతో ఇంగ్లీషులో ముద్రించిన లావుపాటి నివేదిక వచ్చినది. మనము కోరినది పఠన మందిరము. ఆయన గీయించినది మూడంతస్తుల కల్యాణ మండపము. విరాళము పెరిగిన కొలది ఆయన వాటాయు పెరుగును గదా! ఆయన చూపిన కంట్రాక్టరు ఆయన బంధువే యని పిదప తెలిసినది. ముందిచ్చిన సొమ్ము తిరిగి రాలేదు. ఆ నివేదిక ఇప్పటికిని మన బీరువాలో నున్నది. కార్యవర్గములో దానిని తుదివరకు చదివినవారు లేరు.

మండీలో దళారి యుండును. బేరము కుదిరిననే అతనికి కమీషను. అది అతని వృత్తి. అందు దోషము లేదు. కాని దళారిని సలహాదారని నమ్ముట మన దోషము. స్వతంత్ర సలహాదారునకు మనము తప్ప మరెవ్వరును డబ్బీయరాదు. మన పని పెద్దదైనను చిన్నదైనను ఆయన ఫీజు మారరాదు. అట్టివారు మాత్రమే "ఇది మీకు వలదు" అని నిర్భయముగా చెప్పగలరు.

ఈ విషయమున మన కొక గొప్ప దృష్టాంతము కలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వచ్చి మైసూరు సీమలో స్థిరపడినవారు. మనవలెనే కన్నడనేలపై నిలిచిన తెలుగు కుటుంబమువారు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినది. వేలాది జనులు మరణించిరి. అప్పటికి బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచిన విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము 1909లో సలహా ఇంజనీరుగా పిలిపించినది. ఎంత వాన కురిసినది, ఎగువన చెరువు లెన్ని తెగినవి, నీరు ఏ వేగమున వచ్చినది అను లెక్కలు ఆయన ముందుగా తీయించెను. పిమ్మట నగరమునకు ఎగువన మూసీపైనను, దాని ఉపనదియైన ఈసీపైనను జలాశయములు కట్టవలెనని నివేదిక యిచ్చెను. ఆ సంవత్సరము ముగియకముందే మైసూరు సంస్థానమున చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్లెను. మూసీపై ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. సలహాకు కొన్ని నెలలు పట్టినది. కట్టుటకు ఏండ్లు పట్టినది. ఆ ఏండ్ల శ్రమ అక్కడివారిదే. ఎంతటి సలహాదారైనను దారి చూపగలడు గాని, మన కాళ్లతో నడువలేడు.

ఒకసారి చేయి కాల్చుకొన్నవారము గనుక, రెండవసారి జాగ్రత్తపడితిమి. విద్యాసంస్థల పరిపాలనలో బహుకాలము పనిచేసి, విశ్రాంతి తీసికొని, ఇప్పుడు స్వతంత్రముగా సలహా లిచ్చుచున్న ఒక మహిళను పిలిచితిమి. రెండు పుటల ఒప్పందము వ్రాసికొంటిమి. గడువు మూడు నెలలు, ఫీజు స్థిరము, మూడు వాయిదాలుగా, ఒక్కొక్క పని చేతికి వచ్చిన పిదపనే చెల్లింపు.

మొదటి దినమున ఆమె ఏ సలహాయు చెప్పలేదు. మినిట్సు పుస్తకములు, రసీదు పుస్తకములు, బ్యాంకు పాసుపుస్తకములు అడిగి తీసికొనిరి. రెండు వారముల పిమ్మట కార్యవర్గమును కూర్చుండబెట్టి, మా తీర్మానములనే మాకు చదివి వినిపించిరి. "తగు చర్య తీసికొనబడును" అని ఒక పుటలో. "త్వరలో పూర్తి చేయబడును" అని మరియొక పుటలో. ప్రతిదానికిని ఆమె యడిగినవి రెండే ప్రశ్నలు: "ఎవరు చేయుదురు? ఏ తేదీకి?" సభలో ఎవ్వరును తల యెత్తలేదు. మేము కొట్టులో ఒక్క మీటరు గుడ్డ అప్పిచ్చినను పేరును తేదీని వ్రాసికొందుము. సంఘము పనిని మాత్రము ఆరేండ్లు పేరు లేని ఖాతాలో వ్రాసియుంచితిమి. పేరు లేని ఖాతాలో బాకీ వసూలగునా?

ఇంకొక లోపమును గూడ ఆమెయే పట్టిరి. సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపును, చందాదారులకు రాయితీని లభింపజేయు 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లను పాత సంస్థలు సైతము మరల పొందవలెనను నియమము 2021 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, నిర్ణీత హద్దు దాటిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను; ఆ సొమ్ము పొందగోరు సంస్థలు కేంద్రప్రభుత్వమువద్ద నమోదు కావలెనను నియమమును ఆ దినమునుండియే వచ్చినది. మనము రెండును చేయలేదు. కంపెనీల గుమ్మములు త్రొక్కి వట్టిచేతులతో తిరిగివచ్చి, "తెలుగువారని ఈయలేదు" అని నిందించితిమి. లోపము మన కాగితములలో నుండెను.

పిదప ఆమె యొక పెద్ద కాగితముపై నాలుగు గడులు గీసి గోడకు అంటించిరి: పని, మనిషి, తేదీ, సొమ్ము. శుక్రవారము సాయంకాలము అరగంటసేపు అందరము దానిముందు నిలువవలెను. నగరపాలక కార్యాలయమునకు మన సంయుక్త కార్యదర్శిని వెంటబెట్టుకొని ఆమె ఒక్కసారి వెళ్లిరి. రెండవసారి అతనినే పంపిరి. మూడవసారి అతడు ఎవరును చెప్పకయే వెళ్లి ప్లాను మంజూరు తెచ్చెను.

ఒక్క మాట మా గురించియు చెప్పవలెను. మా తండ్రిగారి పేర నొక హాలు కట్టించవలెనని మాకు చిరకాలపు కోరిక. హాలు కట్టినచో తరగతి గదికి సొమ్ము చాలదని ఆమె లెక్క చూపిరి. మాకు కోపము వచ్చినది. మేమే తెచ్చిన మనిషి మాకే అడ్డు చెప్పుటయా అనుకొంటిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి లెక్కను మరల వేసి చూచితిమి. ఆమె లెక్కయే సరియైనది. కోరికను విరమించుకొంటిమి. ఆ మాట సంఘములో మరెవ్వరును మాతో అనియుండరు. బంధుత్వము, మొగమాటము అడ్డు వచ్చును.

గడువును ఒక్క నెల పొడిగించితిమి. ఆపై ఆమె సెలవు తీసికొనిరి. గోడపై కాగితము మిగిలినది. పదునాలుగు నెలలకు కప్పు పడినది. నిరుడు విజయదశమి నాడు తలుపులు తెరిచి, తొమ్మిదిమంది పిల్లలతో తరగతి ప్రారంభించితిమి. ఉపాధ్యాయుని గౌరవ వేతనమునకు స్థిరమైన నిధి ఇంకను కుదురలేదు. దానిని సలహాదారు కుదుర్చరు, మనమే కుదుర్చుకొనవలెను.

"మనలో ఇంజనీరులు, ఆడిటర్లు ఉచితముగా చేయువారు లేరా?" అని మరియొక ప్రశ్న. ఉన్నారు, వారి ఋణము తీర్చుకొనలేము. కాని ఉచితముగా వచ్చిన పెద్దమనిషిని "తేదీ దాటినది గదా" అని యడుగుటకు మనకు నోరు రాదు. సలహాదారు వచ్చినచో వారి విలువ తగ్గదు. ఎవరి శ్రమ ఎప్పుడు కావలెనో తేలి, అది వ్యర్థము కాకుండును.

కావున నేటి తీర్మానమునకు ఈ నిబంధనలను చేర్చవలెనని కోరుచున్నాము. ఫీజు స్థిరముగా నుండవలెను. విరాళములలో వాటా కూడదు. ఏ కంట్రాక్టరుతోను సంబంధము లేదని సలహాదారు వ్రాసి యీయవలెను. సంఘము తరఫున మాట యిచ్చుటకు ఒక్కరే యుండవలెను. పదిమంది పది విధములుగా చెప్పిన ఎంతటివారును పని చేయలేరు. నివేదిక తెలుగులో నుండి, కాగితము లన్నియు సంఘమునకే చెందవలెను. సలహాదారు వెంట మన యువకు డొకడు తిరిగి పని నేర్చుకొనవలెను. ఫీజునుండి మినహాయించవలసిన పన్నును, సలహాదారు వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటినచో పైన చేరు 18 శాతము జి.ఎస్.టి.ని కోశాధికారిగారు ముందే లెక్కలో చేర్చవలెను.

తన భాషను కాపాడుకొను హక్కును రాజ్యాంగపు 29వ అధికరణము మనకిచ్చినది. విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొను హక్కును 30వ అధికరణ మిచ్చినది. ఆ హక్కులకు పేరును తేదీని చేర్చు పని మనది. చుట్టుపట్ల గ్రామములనుండి చదువునకై వచ్చు మన ఆడపిల్లలు నేడు ఇరుకు గదులలో అద్దెకుండి చదువుచున్నారు. వారి వసతి గృహము మరియొక ఆరేండ్లు తుమ్మమొక్కల పాలు కారాదు.

తీర్మానమును చర్చించి, తప్పులున్న దిద్ది, ఆమోదింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము. ఆమోదించినచో, మొదటి గడిలో పని యెదుట మా పేరే వ్రాయుడు. తేదీని మీరు చెప్పుడు.