గుహ మట్టి చెప్పే కొండల కథ
(నూజివీడు సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నరసాల ఊళ్లో మైకు పట్టుకుని మట్టి గురించి మాట్లాడితే ఎవరు వింటారని కాస్త భయపడ్డాను. కానీ మట్టి సంగతి మీకు ఒకరు చెప్పాలా? తోటలో బావి తవ్వేటప్పుడు చూసే ఉంటారు. పైన ఎర్రమట్టి, కింద మొరం, ఇంకా కిందికి మెత్తబడిన రాయి, ఆపైన గడ్డపార దిగని రాయి. తవ్వేవాడు పిడికెడు మట్టి చేతిలోకి తీసుకుని ఎంత లోతుకు వచ్చామో చెప్పేస్తాడు. గుహల్లో పనిచేసే భూగర్భ శాస్త్రవేత్తలు చేసేదీ ఆ పనే.

మన తోటల కింది రాయి నీటికి కరిగే రకం కాదు, అందుకే ఇక్కడ గుహల్లేవు. అయితే ఈ రాళ్లది తూర్పు కనుమల కుటుంబమే. అదే కుటుంబం ఉత్తరాన అనంతగిరి కొండల్లో చలువరాయిని కూడా కలుపుకుని ఉంది. ఆ చలువరాయిలో పుట్టినవే బొర్రా గుహలు. వాన నీరు అడవి మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్లు, కుళ్లిన ఆకులు వదిలిన బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపే రాతి పగుళ్లను లక్షల ఏళ్లపాటు కొరికి గుహ చేసింది. గోస్తనీ నది లోయను కోస్తూ కిందికి దిగిన కొద్దీ భూమిలోని నీటిమట్టమూ దిగింది. పై గదులు పొడిబారాయి.

అక్కడి కథ మీరు వినే ఉంటారు. మేస్తున్న ఆవు గుహ పైకప్పులోని కంతలోంచి పడిపోయిందట. వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల లింగం కనిపించిందట. నాకైతే ఆ కథలో భూగర్భ శాస్త్రం కూడా కనిపిస్తుంది. సున్నపురాతి నేలల్లో పైకప్పు పలచబడి కూలి కంత పడటం మామూలే. లింగమని మొక్కేది పైనుంచి సున్నపు నీరు చుక్క చుక్కగా పడి పేరుకున్న దిమ్మ.

జనం ఆ దిమ్మలకే ఫొటోలు తీస్తారు. కాళ్ల కింది మట్టిని ఎవరూ చూడరు. అసలు లెక్కలు అక్కడున్నాయి. గులకరాళ్లుంటే ఒకప్పుడు అక్కడ ఉరవడిగా నీళ్లు పారాయని. సన్నని బంకమట్టి పొరలుంటే నీరు నిలిచి తేరుకుందని. దానిమీద సున్నపు పెచ్చు కట్టి ఉంటే నీరు వెళ్లిపోయి, చుక్కలు మాత్రమే పడిన కాలమని. చలువరాతి గుహలో చలువరాయి కాని గులకరాయి దొరికిందంటే, అది బయటి కొండ నుంచి ఏరు మోసుకొచ్చిందే.

వయసు ఎలా తెలుస్తుంది? బయట పడి ఉన్న ఇసుక రేణువుల్లో ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు అల్యూమినియం-26, బెరీలియం-10 అనే రెండు అరుదైన పదార్థాలను తయారుచేస్తాయి. ఇసుక గుహలోకి కొట్టుకుపోయాక కిరణాలు తగలవు. రెండూ తరిగిపోతూ ఉంటాయి, అల్యూమినియం దాదాపు రెండింతల వేగంతో. మిగిలినవాటి నిష్పత్తి చూస్తే ఇసుక ఎప్పుడు చీకట్లోకి వెళ్లిందో తెలుస్తుంది. అమెరికాలో మామత్ గుహలోని ఇసుకను ఇలా పరీక్షించి, అక్కడి నది లోయను ఎప్పుడెప్పుడు ఎంత లోతుకు కోసిందో 2001లో ప్రకటించారు. ముప్ఫై లక్షల ఏళ్లు దాటిన చరిత్ర ఆ ఇసుకలో దొరికింది.

మన రాష్ట్రంలోనూ గుహ మట్టి చాలా చెప్పింది. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. ఎముకలు కుప్పలుగా దొరికాయి. అదే గుహల మట్టి పొరలను మళ్లీ పరిశీలించినవాళ్లు 2014లో చెప్పిన మాట నాకు మరీ నచ్చింది. రెండు లక్షల ఏళ్లలో అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఈ ఉపఖండంలో ఇంకా బతికే ఉన్నాయట. కరువులు వచ్చినా తలదాచుకునే చోట్లు మిగిలాయన్నమాట.

బస్తర్‌లోని దండక్ గుహ దిమ్మ ఒకటి 600 నుంచి 1500 వరకు వానల చరిత్ర చెప్పింది. 14వ శతాబ్దపు పెద్ద కరువులు అందులో కనబడ్డాయి.

ఇప్పుడు నన్ను కలవరపెట్టే సంగతికి వస్తాను. గుహ మట్టిని ఒకసారి కదిలిస్తే పొరల వరస పోతుంది. మళ్లీ పేర్చలేం. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజులిచ్చినప్పుడు కొండవాళ్లు భూమి కోసం నిలబడ్డారు. ఆ పోరాటమే సమతా కేసు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. వాళ్లు పొలాన్నీ అడవినీ కాపాడుకోవాలనుకున్నారు. వాటితోపాటు ఈ రాతి దస్తరం కూడా మిగిలింది. శాస్త్రవేత్తల వ్యాసాల్లో ఆ ఊళ్లవాళ్ల పేర్లు కనిపించవు, అది వేరే బాధ.

ఈసారి పిల్లలతో కిరండూల్ రైలెక్కి బొర్రాగుహలు స్టేషన్లో దిగినప్పుడు దిమ్మలు విరగ్గొట్టనివ్వకండి, బాట దిగి మట్టి తొక్కనివ్వకండి. ఆవు పడిన కంత ఎక్కడుందో గైడును అడిగి, ఒక్క నిమిషం అక్కడ నిలబడి పైకి చూడండి.