‘గ్యాస్ లెండి’ అంటే వినకండి

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో రోజూ గాంధీ విగ్రహం దాకా ఆగకుండా నడిచే పెద్దాయన, ఈమధ్య నాలుగడుగులకే ఆయాసపడి కూలబడుతున్నారా? ‘గ్యాస్ లెండి’ అంటే వినకండి. నడిస్తే ఛాతీ పట్టేసి, కూర్చుంటే తగ్గడం గుండెజబ్బు లక్షణం కావచ్చు. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, కారణం లేకుండా బరువు తగ్గినా, వారాల తరబడి గొంతు బొంగురుపోయినా డాక్టరుకు చూపించండి.

హఠాత్తుగా మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి దగ్గరే ఉంది. తెల్లారనిద్దాం అనుకోకండి.